పాత ఫ్యూజు బోర్డు తీసి కొత్త డీబీ పెట్టడం ఎలా: బెంగళూరులో పనిచేసే మన ఎలక్ట్రీషియన్లకు

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో వైరింగ్ పని చేసుకుంటున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫ్యాను బిగించడం, స్విచ్‌బోర్డు మార్చడం నెల రోజులు ఒకరి చేతికింద ఉంటే వచ్చేస్తుంది. ఇంటి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మార్చడం అలా కాదు. ఇంట్లోని ప్రతి వైరూ వచ్చి చేరేది ఆ పెట్టెలోకే. పాతది విప్పి, కొత్తది పెట్టి, మెయిన్ ఎక్కించి మీరు బయటికి వచ్చారంటే, ఆ వైర్లన్నీ చూశాను, బాగున్నాయి అని ఇంటివాళ్లకు మాట ఇచ్చినట్టే. ఇరవై ఏళ్ల కిందట ఇంకెవరో గోడలో పూడ్చిన తప్పుకు కూడా ఆ రోజు నుంచి జవాబు చెప్పాల్సింది మీరే. అందుకే పెట్టె మార్చడానికి రెండు గంటలు పడితే, చూడడానికీ కొలవడానికీ నాలుగు గంటలు పెట్టుకోవాలి.

ఇంకో మాట. ఇంటి వైరింగ్‌లో ఇలాంటి పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారా, పర్మిట్ ఉన్న మనిషి చేతనే జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి, అందులోనూ ఇదే మాట. బెంగళూరులో ఈ లైసెన్సులు చూసేది కర్ణాటక ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖ. మీ దగ్గర పర్మిట్ లేకపోతే లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ కింద చేయండి. ఆయన వచ్చి పని చూసి సంతకం పెట్టాలి, పేరు అరువిచ్చి ఊరుకుంటే కుదరదు.

ముందు ఇల్లు చూసి రండి

ఫోన్‌లో ఫొటో చూసి రేటు చెప్పకండి. వెళ్లి చూడండి. మొదట మీటర్ దగ్గరికి నడవండి. థర్టీ ఫార్టీ సైటులో కట్టిన మూడంతస్తుల ఇళ్లలో మీటర్లన్నీ మెట్ల కిందో, గేటు పక్క గోడలోనో వరసగా ఉంటాయి. ఏ మీటర్ ఏ అంతస్తుదో పెయింట్‌తో రాసి ఉంటుంది గానీ ఆ రాతను నమ్మొద్దు. మధ్యలో పోర్షన్లు విడగొట్టి ఉంటారు, పాత రాత అలాగే ఉండిపోతుంది. మీటరూ, దాని సీలూ, దానికి ముందున్న లైనూ బెస్కామ్‌వి, అంటే బెంగళూరు కరెంటు కంపెనీవి. వాటి మీద మనం చేయి వేయకూడదు. సీలు తెగి ఉంటే, మీటర్ టెర్మినల్ కాలిన గుర్తులుంటే ఓనర్‌కు చూపించి, 1912కు ఫోన్ చేయించండి. మన పని మీటర్ తర్వాత మొదలవుతుంది.

కరెంటు బిల్లు అడిగి చూడండి. మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో అందులో ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక మిక్సీ. ఇప్పుడు రెండు ఏసీలు, మూడు గీజర్లు, ఇండక్షన్ స్టవ్వు. లోడు పెంచుకోవాల్సి ఉంటే బెస్కామ్‌కు దరఖాస్తు ఇప్పించాలి. పెట్టె పెద్దదైనంత మాత్రాన లైను పెద్దది కాదని ఓనర్‌కు చెప్పడం మన పనే.

అద్దె ఇల్లయితే పిలిచింది ఎవరో అడగండి. అద్దెకున్నవాళ్లు పిలిస్తే ఓనర్‌తో ఒకసారి మాట్లాడాకే సుత్తి ఎత్తండి.

తర్వాత ఇంట్లోవాళ్లను, ముఖ్యంగా రోజంతా ఇంట్లో ఉండేవాళ్లను అడగండి. కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందా? గీజర్ వేస్తే లైట్లు మసకబారుతున్నాయా? ఎక్కడైనా వాసన వస్తోందా? హొరమావులో ఒక ఇంట్లో ఇలా అడిగితే ఆ అక్క, "వాసనేమీ లేదన్నా, సాయంత్రం పూట పక్కింట్లో చేపలు వండుతారు, అదే" అంది. డీబీ తలుపు తీసి ముక్కు పెడితే ఆ చేపల వాసన పెట్టెలోంచే వస్తోంది. గీజర్ ఎంసీబీ (లోడు మించినా షార్ట్ అయినా దానంతట అదే పడిపోయే స్విచ్) కింద స్క్రూ వదులై, వైరు తొడుగు రెండంగుళాల మేర నల్లబడి, గోరుతో గీస్తే పెళుసుగా రాలింది. వేడెక్కిన బేకలైటు, ప్లాస్టిక్కు అలాంటి వాసనే కొడతాయి. సాయంత్రం గీజర్ వేసినప్పుడల్లా ఆ ఇంట్లో చేపలు ఉడికినట్టు ఉండేది. ఆమె చెప్పకపోయి ఉంటే నేనూ ఆ ఎంసీబీని మిగతావాటితో పాటు విప్పి పక్కన పడేసేవాణ్నే. వైరు కాలిన భాగం అలాగే కొత్త పెట్టెలోకి వెళ్లేది.

ఇవన్నీ చూశాక ఓనర్‌తో ఒక మాట తెగేసి చెప్పండి. నేను ఇలా చెబుతాను: "సార్, పెట్టె మార్చడానికి ఇంత. ఇందులో ఆర్‌సీసీబీ పెడతాను, లీకేజీ ఉంటే కరెంటు తెంపే స్విచ్. పాత వైరింగ్‌లో లీకేజీ ఉంటే అది నిలబడదు, పడిపోతూ ఉంటుంది. అప్పుడు లీకేజీ ఎక్కడుందో వెతకాలి, దానికి కూలి వేరే. లీకేజీ ఉంచేసి ఆర్‌సీసీబీని తప్పించమంటే మాత్రం నేను చేయను." ఈ మాట పని మొదలుపెట్టకముందు చెబితే లెక్క. సాయంత్రం ఏడింటికి, ఇల్లు చీకట్లో ఉన్నప్పుడు చెబితే గొడవ.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ వాడే పెద్దవాళ్లున్నారా, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉందా, ఎవరికైనా వర్క్ ఫ్రమ్ హోమ్ మీటింగ్ ఉందా అని కూడా కనుక్కుని రోజు ఖాయం చేయండి. పొద్దున తొమ్మిదికే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత డీబీ విప్పడం నేను మానేసి చాలా ఏళ్లయింది.

సామాను ఎంచుకోవడం

ఎంసీబీ కాపాడేది వైరును. ఏసీకో గీజర్‌కో కాపలా అనుకుంటే లెక్క తప్పుతుంది. ముందు వైరు సైజు చూడండి, తర్వాత ఎంసీబీ. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్ల లైను 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే 6 లేదా 10 ఆంపియర్లు, పవర్ సాకెట్ల లైను 2.5 అయితే 16, ఏసీ లేదా గీజర్ లైను 4 అయితే 20. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల మీద తీసుకునేది దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లదైతే 13. కాబట్టి గీజర్‌కు 32 ఆంపియర్ల ఎంసీబీ ఎవరైనా పెట్టి ఉంటే, అంతకు ముందున్నది పడిపోతోందని విసిగి పెట్టిందే. అది ఎందుకు పడిందో వెతకండి. వైరు సన్నగా ఉండి ఎంసీబీ పెద్దదైతే, ముందు కాలేది గోడలోని వైరు.

లైట్లకు, గీజర్లకు బి కర్వ్ ఎంసీబీ (కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే త్వరగా పడే రకం) చాలు. మోటారు, ఏసీ లాంటివి స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ లాగుతాయి కాబట్టి దాన్ని ఓర్చుకునే సి కర్వ్.

ఆర్‌సీసీబీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది దాన్ని పెద్ద ఎంసీబీ అనుకుంటారు. అది చేసే పని ఒక్కటే. ఫేజులో ఎంత కరెంటు లోపలికి పోయిందో, న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపు తెంపేస్తుంది. ఆ తేడా ఎటు పోయినట్టు? తడి గోడలోకో, గీజర్ బాడీలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో. అంతే తప్ప ఓవర్‌లోడును అది పట్టుకోదు, ఫేజూ న్యూట్రలూ షార్ట్ అయినా పట్టుకోదు. కాబట్టి దాని ముందు ఎంసీబీ ఉండాలి, ఆర్‌సీసీబీ రేటింగ్ ఆ ఎంసీబీకి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది తీసుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి అగ్నిప్రమాదాల కోసం, మనిషి ప్రాణం కోసం కాదు. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్లు ఉన్న ఇళ్లకు టైప్ ఏ రకం మంచిది. మామూలు 'టైప్ ఏసీ' రకం ఆర్‌సీసీబీ (ఇక్కడ ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు) అలాంటి వస్తువుల లీకేజీని సరిగ్గా గుర్తించకపోవచ్చు.

డబ్బు పెట్టగలిగిన ఇంటికి ఒకటి కాకుండా రెండు ఆర్‌సీసీబీలు పెట్టండి. గీజర్లు, వంటగది, బయటి లైట్లు ఒకదాని కింద, ఇంట్లో లైట్లు, ఫ్రిజ్ ఇంకోదాని కింద. రాత్రి పదింటికి గీజర్ లీకై పడితే ఇల్లంతా చీకటి కాదు. కానీ ఒక్క నియమం: ఒక్కో ఆర్‌సీసీబీకి వేరే న్యూట్రల్ బార్ ఉండాలి, రెండూ ఎక్కడా కలవకూడదు.

పెట్టె లోహపుదే తీసుకోండి. బ్రిటన్‌లో 2016 జనవరి నుంచి ఇళ్లలో పెట్టే ఈ పెట్టెలు మండని పదార్థంతోనే ఉండాలని వైరింగ్ నియమాల్లో చేర్చారు. లోపల వదులు స్క్రూ వేడెక్కితే ప్లాస్టిక్ పెట్టె అంటుకుంటుంది, రేకు పెట్టె మంటను లోపలే ఆపుతుంది. రెండు మూడు ఎంసీబీలు పట్టే చోటు ఖాళీగా మిగిలేలా కొనండి. పిన్ లగ్గులు, ఫెర్రుల్సు (వైరు చివర నొక్కే లోహపు ముక్కలు), ఖాళీ రంధ్రాలు మూసే బ్లాంకింగ్ ప్లేట్లు ముందే తెచ్చుకోండి. బీవీకే అయ్యంగార్ రోడ్డులో దొరకనిది లేదు, కానీ పని మధ్యలో చిక్‌పేట ట్రాఫిక్‌లోకి మనిషిని పంపితే ఆ పూట పోయినట్టే. అన్నిటి మీదా ఐఎస్‌ఐ మార్కు చూడండి.

కరెంటు నిజంగా పోయిందా

ఈ ఒక్క చోట తొందరపడకండి. పల్లెలో మెయిన్ దించితే ఇల్లంతా చచ్చిపోతుంది. బెంగళూరు ఇంటికి మూడు నాలుగు దారుల్లో కరెంటు వస్తుంది.

ఒకటి బెస్కామ్ లైను. రెండోది ఇన్వర్టర్. మీరు మెయిన్ దించగానే ఇన్వర్టర్ "కరెంటు పోయింది" అనుకుని లేచి లైట్ల లైనుకు 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. దాని స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, బ్యాటరీ ఫ్యూజు కూడా తీయండి. మూడోది అపార్ట్‌మెంట్ జనరేటర్. చాలా అపార్ట్‌మెంట్లలో డీబీలోకి బెస్కామ్ లైనుతో పాటు జనరేటర్ లైను వేరేగా వస్తుంది. లోపల ఏసీసీఎల్ అని ఒక చిన్న డబ్బా ఉండి, కరెంటు పోయినప్పుడు దానంతట అదే జనరేటర్ మీదికి మారుతుంది. మీ ఫ్లాటు మెయిన్ దించినా ఆ వైరు అలాగే ఉంటుంది. బ్లాక్‌కంతా కరెంటు పోయిన నిమిషంలో అందులోకి ప్రాణం వస్తుంది. అసోసియేషన్ ఆఫీసులో చెప్పి, కింద ప్యానెల్ గదిలో జనరేటర్ లైను కూడా విడిగా తెంపించాలి. నాలుగోది మేడ మీద సోలార్ ఉంటే అది.

తెంపిన చోట తాళం వేయండి. ఫ్యూజు క్యారియర్లయితే తీసి జేబులో పెట్టుకోండి. ఒక అట్ట మీద కన్నడలో రాసి తగిలించండి: "ఆన్ మాడబేడి, కెలస నడీతా ఇదె." కింద మీ ఫోన్ నంబరు. తెలుగులో రాస్తే మెయిన్ ఎత్తడానికి వచ్చే పైఅంతస్తు మనిషి చదవలేకపోవచ్చు.

ఇప్పుడు కొలవండి. లైటు వెలిగే టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను దీనికి నమ్మొద్దు. మీటర్ తీసుకుని ముందు పక్క లైవ్ సాకెట్ మీద పెట్టి 230 చూపిస్తోందని రూఢి చేసుకోండి. తర్వాత డీబీలో ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి. అంతా సున్నా వచ్చాక మళ్లీ ఆ లైవ్ సాకెట్ దగ్గరికి వెళ్లి మీటర్ పనిచేస్తోందని చూసుకోండి. మధ్యలో మీటర్ చెడినా, దాని వైరు తెగినా లైవ్ లైను మీద కూడా సున్నా చూపిస్తుంది. పక్కన ఇంకో మనిషి లేకుండా ఈ పని చేయొద్దు.

విప్పే ముందు గుర్తులు

నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ప్రతి ఫేజు వైరుకూ దాని జత న్యూట్రల్‌కూ ఒకే నంబరు టేపు అతికించండి. చాలామంది ఫేజుకు మాత్రమే గుర్తు పెట్టి, న్యూట్రల్స్ అన్నీ ఒక కట్టగా మెలేస్తారు. ఫ్యూజు బోర్డు రోజుల్లో అది నడిచింది. ఆర్‌సీసీబీ వచ్చాక ఏ న్యూట్రల్ ఎవరిదో తెలియకపోతే సాయంత్రం దాకా మీరు అక్కడే ఉంటారు.

త్రీఫేజు ఇల్లయితే ఆర్, వై, బీ మూడింటికీ గుర్తు తప్పకుండా పెట్టండి. బోరు మోటారు త్రీఫేజుదైతే, రెండు ఫేజులు అటూ ఇటూ మారితే అది వెనక్కి తిరుగుతుంది. శబ్దం వస్తుంది, నీళ్లు రావు. బోరు ఎండిపోయిందేమో అని ఇంటివాళ్లు టెన్షన్ పడతారు.

విప్పేటప్పుడు న్యూట్రల్ ఆఖరున తీయండి, బిగించేటప్పుడు న్యూట్రల్ మొదట బిగించండి. ఎందుకో కింద చెబుతాను.

పాత వైర్లను కొలవడం

పాత పెట్టె గోడ నుంచి వచ్చేసింది, వైర్లు చేతిలో విడివిడిగా ఉన్నాయి. ఇంత మంచి అవకాశం ఆ ఇంట్లో మళ్లీ ఇరవై ఏళ్ల వరకు ఎవరికీ రాదు. ఇప్పుడే మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందా అని కొలిచే మీటర్) తీయండి.

ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించండి. టీవీ, వైఫై, కంప్యూటర్, ఇన్వర్టర్ ఏదీ లైనుకు తగిలి ఉండకూడదు. ఒక్కో సర్క్యూట్‌కు ఫేజూ న్యూట్రలూ రెండూ కలిపి పట్టుకుని, ఎర్త్‌కు ఎదురుగా 500 వోల్టుల డీసీ మెగ్గర్ పెట్టండి. రెండూ కలిపి పెడితే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు చెడిపోవు. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌ను కొత్త పెట్టెకు కలపకూడదు. మంచి వైరింగ్‌లో పదులు, వందల మెగాఓమ్‌లు వస్తాయి. కాబట్టి 2, 3 వచ్చినా పాసైంది కదా అని వదిలేయకుండా పుస్తకంలో రాసుకోండి, ఇంటివాళ్లకు చెప్పండి. బాత్రూమ్ గోడలోని గీజర్ పాయింటు, కాంపౌండ్ వాల్ లైట్లు, సంపు మోటారు లైను, లీకేజీ ఎక్కువగా దొరికేది ఈ మూడు చోట్లే.

ఎర్త్ సంగతి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రానికి వైరే ఉండదు. అంతకంటే ఘోరం, అక్కడే న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపి ఉంటుంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడిన రోజు ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషీన్ బాడీ నిండా 230 వోల్టులు నిలుస్తాయి. ప్రతి సాకెట్ విప్పి చూడండి. అలాంటి ముక్క కనిపిస్తే అక్కడికక్కడే తీసేయండి. డీబీలోని ఎర్త్ బార్ నుంచి ప్రతి సాకెట్ ఎర్త్ పిన్ను దాకా మీటర్‌తో చూడండి, ఒక ఓమ్ లోపే రావాలి.

ఎర్త్ గుంత ఎక్కడుందో అడగండి. పార్కింగ్‌కు టైల్స్ వేసినప్పుడు గుంత మూత కూడా టైల్స్ కిందికి పోయిన ఇళ్లు బెంగళూరులో చాలా చూశాను. ఇక్కడ చాలాచోట్ల రాయి మీద పల్చటి మట్టి, ఎండాకాలంలో గుంత ఎండితే ఎర్త్ పనిచేయదు. ఎర్త్ టెస్టర్‌తో కొలిచి రాసుకోండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూసే పాత అలవాటు మానేయండి. ఎర్త్ వైరు మధ్యలో ఎక్కడో తెగి ఉంటే ఆ బల్బులోంచి పోయిన కరెంటు ఇంట్లోని అన్ని బాడీల మీదికీ ఎక్కుతుంది. ఆ నిమిషంలో వంటగదిలో ఎవరు ఫ్రిజ్ పట్టుకుని ఉన్నారో మీకు తెలియదు.

పాత ఇంట్లో అల్యూమినియం వైరు కనిపిస్తే దాన్ని రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుట్టొద్దు. ఆ అతుకు తుప్పు పట్టి, వదులై, కాలుతుంది. వైరు మార్చమని చెప్పండి.

బిగించడం

ఇక్కడ చెప్పాల్సింది స్క్రూ గురించే. వైరు చివర తొడుగు తీసేటప్పుడు రాగి పోగులు తెగకూడదు. పోగుల వైరైతే ఫెర్రుల్ వేసి నొక్కండి. ఎంసీబీ నోట్లో పెట్టేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. వైరు క్లాంపు లోపలికి పోకుండా దాని వెనక్కి జారుతుంది, స్క్రూ బిగిసినట్టే అనిపిస్తుంది గానీ పట్టేది గాలినే. లేదా క్లాంపు రాగి మీద కాకుండా ప్లాస్టిక్ తొడుగు మీద పడుతుంది. రెండూ ఆరు నెలలకు చేపల వాసన కొట్టేవే. బిగించాక ప్రతి వైరునూ చేత్తో గట్టిగా లాగి చూడండి. ఎంత బిగువు ఉండాలో కంపెనీవాళ్లు ఎంసీబీ పక్కన న్యూటన్ మీటర్లలో ముద్రిస్తారు. టార్క్ స్క్రూడ్రైవర్ కొనుక్కోండి, ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్ జాగ్రత్త. ఇన్వర్టర్‌కు కరెంటు ఏ ఆర్‌సీసీబీ కింద నుంచి పోతుందో, ఇన్వర్టర్ మీద నడిచే లైట్ల న్యూట్రల్ కూడా ఆ ఆర్‌సీసీబీ బార్ మీదికే రావాలి. ఒకటి ఒక వైపు, ఇంకొకటి ఇంకో వైపు ఉంటే పది వాట్ల బల్బు వేసినా పడిపోతుంది. ఎర్త్ బార్‌నూ న్యూట్రల్ బార్‌నూ ఇంట్లో ఎక్కడా కలపొద్దు.

వాడని రంధ్రాలన్నీ మూసేయండి. మన ఇళ్లలో డీబీలోకి బల్లులు దూరతాయి, చీమలు పుట్ట పెడతాయి. బస్‌బార్ మీద అడ్డంగా పడి కాలిన బల్లిని నేను రెండు మూడు సార్లు తీశాను.

కరెంటు ఇవ్వడం

అన్ని ఎంసీబీలూ దించి ఉంచండి. మెయిన్ మాత్రం ఎక్కించి కొలవండి. సింగిల్ ఫేజుకు 230 దగ్గర రావాలి. త్రీఫేజుకు ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 నుంచి 415. ఒక ఫేజు 180, ఇంకొకటి 280 చూపిస్తే ఆగిపోండి, న్యూట్రల్ పట్టలేదన్నమాట. త్రీఫేజు ఇంట్లో న్యూట్రల్ ఊడితే ఒక ఫేజు మీది వస్తువులు ఇంకో ఫేజు మీదివాటితో వరసలో పడతాయి. తక్కువ లోడున్న వైపు టీవీకి 230 బదులు 350 కూడా రావచ్చు. న్యూట్రల్ మొదట బిగించి ఆఖరున తీయమన్నది ఇందుకే.

తర్వాత ఆర్‌సీసీబీ. ముందు టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. బటన్ లోపలి మెకానిజాన్ని మాత్రమే చూపిస్తుంది, కాబట్టి ఆర్‌సీసీబీ టెస్టర్‌తో కూడా చూడండి. 15 మిల్లీ ఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్ల లోపు, 150కి 40 మిల్లీసెకన్ల లోపు పడాలి. ఆపై ఎంసీబీలు ఒక్కొక్కటే ఎక్కించండి.

ఆర్‌సీసీబీ పడిపోతుంటే

పాత ఇళ్లలో తరచుగా ఇదే జరుగుతుంది. గడియారం ఐదు దాటి ఉంటుంది. పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఉంటారు. ఓనర్ మూడోసారి వచ్చి, "ఏమన్నా, పాత పెట్టె బాగానే పనిచేసింది కదా, నువ్వు పెట్టినదే తేడాగా ఉంది" అంటాడు. అప్పుడు చేతిలో ఉన్న వైరు ముక్క ఆర్‌సీసీబీని తప్పించే అడ్డదారి చూపిస్తుంది. రెండు జంపర్లు (ఆర్‌సీసీబీని దాటించి కలిపే వైరు ముక్కలు), రెండు నిమిషాలు, ఇల్లంతా లైట్లు.

రామమూర్తినగర్‌లో ఒక అద్దె పోర్షన్‌కు వెళ్లాను. షవర్ తిప్పితే చేతికి జివ్వుమంటోందని ఆ ఇంటి అమ్మాయి చెప్పింది, ఆరో నెల గర్భిణి. డీబీ తెరిస్తే ఆర్‌సీసీబీ ఉంది, కొత్తది, లివర్ పైకి ఉంది. లివర్ కిందికి లాగాను. నెత్తిమీద లైటు ఆరలేదు. ముందు ప్లేటు విప్పి చూస్తే వెనక రెండు జంపర్లు, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి, టేపు కూడా నీటుగా చుట్టి ఉంది. ఆ పని చేసినవాడు చేయి తిరిగినవాడే. గీజర్ ఎలిమెంట్ పగిలి బాడీకి లీకవుతోంది, ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. కాపాడాల్సిన వస్తువు గోడ మీదే ఉంది, దాన్ని ఉత్త బొమ్మను చేసి వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లేమో అది ఉందన్న ధైర్యంతో రోజూ ఆ షవర్ కింద నిలబడుతున్నారు.

కాబట్టి ఆ ముక్క కింద పెట్టి ఇలా వెతకండి. అన్ని ఎంసీబీలూ దించినా పడుతోందా? అయితే తప్పు న్యూట్రల్‌లో ఉంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. మెయిన్ దించి, న్యూట్రల్ బార్ మీది వైర్లు అన్నీ విప్పి, ఒక్కొక్కటే కలుపుతూ, ప్రతిసారీ మెయిన్ ఎక్కించి చూడండి. ఏది కలపగానే పడిందో ఆ సర్క్యూట్‌లో న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది, లేదా ఇంకో సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిసిపోయింది. స్టెయిర్‌కేస్ లైటు టూవే స్విచ్చులు, ఇన్వర్టర్ పాయింట్లు ముందు చూడండి.

ఒకే ఒక ఎంసీబీ ఎక్కించినప్పుడు పడితే ఆ లైనులోని వస్తువు లీకవుతోంది. ప్లగ్గులు పీకి ఒక్కొక్కటే పెట్టండి. అన్నీ విడివిడిగా బాగుండి, అన్నీ కలిసినప్పుడే పడుతుంటే, కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్ల చిన్న చిన్న లీకేజీలు కలిసి 20, 25 మిల్లీ ఆంపియర్లు అవుతున్నాయన్నమాట. లోడును రెండు ఆర్‌సీసీబీలకు పంచండి.

ఆ రోజు దొరకకపోతే? చెడిన సర్క్యూట్ ఒక్కదాన్ని ఫేజూ న్యూట్రలూ రెండూ విప్పి, చివర్లు కనెక్టర్‌లో మూసి, "కలపవద్దు" అని రాసి పెట్టండి. మిగతా ఇంటికి ఆర్‌సీసీబీ కిందే కరెంటు ఇవ్వండి. ఒక్క రాత్రి బాత్రూమ్‌లో గీజర్ లేకపోతే నీళ్లు స్టవ్వు మీద కాచుకుంటారు. రేపు పొద్దున మొదట ఆ ఇంటికే వెళ్లండి.

అప్పగించడం

ప్రతి ఎంసీబీ మీద పేరు రాయండి, ఆ ఇంట్లో చదివే భాషలో. కర్నూలు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దమ్మ పగలంతా ఒంటరిగా ఉండే ఇల్లయితే తెలుగులో రాయండి: వంటగది, గీజర్, దేవుడి గది. తర్వాత ఆమెనే పిలిచి టెస్ట్ బటన్ ఆమె చేతనే నొక్కించండి. మొదటిసారి భయపడతారు, పడిన లివర్‌ను తిరిగి ఎత్తాక నవ్వుతారు. నెలకొకసారి అలా నొక్కమనండి. నొక్కినా పడకపోతే ఫోన్ చేయమనండి.

ఒక కాగితం రాసివ్వండి. ఇంగ్లండ్‌లో ఈ పెట్టె మారిస్తే కొలతలతో సర్టిఫికెట్ ఇవ్వడం, స్థానిక అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. ఇక్కడ ఎవరూ అడగకపోయినా మీరే ఇవ్వండి: తేదీ, ఏ సర్క్యూట్‌కు ఎన్ని మెగాఓమ్‌లు వచ్చాయి, ఎర్త్ ఎంత, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లకు పడింది, ఏది కలపకుండా వదిలారు, ఎందుకు. కింద కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు, సంతకం. ఒక కాపీ డీబీ తలుపు లోపల అతికించండి, ఒకటి ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి.

పది పదిహేను రోజుల తర్వాత ఒకసారి వెళ్లి, మెయిన్ దించి, రాగి వైర్లు కుదురుకున్నాక స్క్రూలు వదులయ్యాయేమో చూసి రండి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన మరుసటి రోజు ఆ ఇంటికి ఫోన్ చేసి, గేటు లైటు వేస్తే ఆర్‌సీసీబీ నిలబడిందా అని అడగండి.